మా ఇంటికి రాత్రి వంట నేర్పిన రూతమ్మ ఆంటీ

నిన్న సాయంత్రం ఉప్పుగూడ స్టేషన్ బయట తోపుడుబండి మీద బోడకాకరకాయలు కనిపించాయి. గుప్పెడు చేతిలోకి తీసుకుంటే మెత్తటి ముళ్ళు అరచేతికి గుచ్చుకున్నాయి. పచ్చి కాయల వాసన, వాటికి అంటుకున్న తడి మట్టి వాసన కలిసి వచ్చాయి. వానలు మొదలయ్యాక కొద్ది రోజులే దొరికే కాయలవి. పండబోతున్నవి పక్కన పెట్టి లేతవి ఏరుకుంటుంటే, ఇలా ఏరడం నేర్పిన రూతమ్మ ఆంటీ గుర్తొచ్చింది. ఆమె లేకుండా వచ్చిన రెండో వానాకాలం ఇది.

ఆంటీ మా ఎదురు పోర్షన్‌లో ఉండేది. సర్కారు దవాఖానలో నర్సుగా పనిచేసి రిటైరైంది. పొట్టి మనిషి, చురుకైన నడక. ఎవరేం చెప్పినా పూర్తిగా విన్నాకే నోరు విప్పేది. భర్త చిన్న వయసులోనే పోతే, షిఫ్టు డ్యూటీలు చేస్తూనే ముగ్గురు పిల్లల్ని పెంచి పెద్ద చేసింది. అదేదో గొప్ప అన్నట్టు ఎప్పుడూ చెప్పుకోలేదు. అడిగితే, ఇంట్లో అందరూ తలో చెయ్యి వేశారని మాత్రం అనేది.

మా ఇంట్లో అప్పుడు వేసే చెయ్యి ఒక్కటే ఉండేది. నేను ఊరికి ఆ చివర ఒక ఆఫీసులో క్లర్కును. మా ఆయన శ్రీను బస్సు డిపోలో మెకానిక్. పాప, బాబు బడికి వెళ్ళేవాళ్ళు. రైలు దిగి ఇల్లు చేరేసరికి నాలో ఓపిక ఉండేది కాదు. ఒకరోజు హోటల్ పరోటా, ఒకరోజు మిర్చీబజ్జీలు, ఇంకోరోజు నూడుల్స్ పొట్లం. అలా గడుస్తుండగా శ్రీనుకు షుగర్ ఉన్నట్టు తేలింది. తిండి మార్చకపోతే మందులతో లాభం లేదని డాక్టర్ గట్టిగా చెప్పాడు. సరిగ్గా ఆ నెలలోనే నాకు ప్రమోషన్ వచ్చింది. పని పెరుగుతుంది. ఆడపడుచు ఫోన్ చేసి, మొగుడి ఆరోగ్యం కన్నా ఉద్యోగం ఎక్కువా అని అడిగింది. నాకూ నిజమే అనిపించింది. మానేద్దామని నిర్ణయించుకుని, ఆ మాట ముందుగా ఆంటీకే చెప్పాను.

ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అంతా వింది. చివరికి ఒక్కటే అడిగింది.

“తినేటోళ్ళు నలుగురు. వండేటిది నువ్వొక్కదానివే ఎందుకైతవ్ బిడ్డా?”

నేనూ ఒక చిక్కుడుకాయ అందుకోబోతే ఆమె ఆపింది.

“రేపు డిపో నుంచి రాంగనే శ్రీనును నా కాడికి పంపు. నువ్వు మాత్రం రాకు.”

శ్రీను కాదంటాడనుకున్నాను. కానీ రిపోర్టు చూసినప్పటి నుంచి అతనికీ లోపల భయంగానే ఉంది. వెళ్ళాడు. ఉండబట్టలేక కాసేపటికి నేనూ పాపా వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాం. జొన్నపిండి ముద్దను పీట మీద చేత్తో తడుతున్నాడు. రొట్టె పెద్దదవుతున్నకొద్దీ అంచులు పగులుతున్నాయి. పెనం మీదికి ఎత్తబోతే మధ్యకు విరిగింది. పాప నవ్వింది. అతని ముఖం చిన్నబోయింది.

“ఇంజన్ విప్పి మళ్ళ బిగిస్తవు గదా, గిదెంత?” అంది ఆంటీ. “నీళ్ళు సరిగ మరగలే. మళ్ళ కలుపు.”

ఆ రాత్రి మేము ముక్కల రొట్టెలే తిన్నాం, పక్కన చిక్కుడుకాయ కూరతో. చాలా రోజుల తర్వాత నలుగురం ఒకేసారి కూర్చున్నాం.

ఆంటీ పద్ధతి చాలా సులువు. బండి మీద ఏది కుప్పగా పోసి ఉంటే అది ఆ వారం కూర. చలికాలం మెంతికూర, చిక్కుడు. ఎండలు ముదిరితే చింతచిగురు పప్పు, గంగవాయిలి కూర. వానల్లో బోడకాకర, సొరకాయ. ఒక పప్పు, ఒక కూర, రొట్టె చాలు. రెండో కూర జోలికి పోవద్దనేది. ఆకుకూర తెంపడం పిల్లల పని, పొద్దున్నే పప్పు నానబెట్టడం నా పని, రొట్టె శ్రీనుది.

అన్నీ వెంటనే కుదరలేదు. శ్రీను తరిగిన ఉల్లిపాయలు లావుగా ఉన్నాయని నేను మళ్ళీ తరిగేదాన్ని. పాప తెంపిన ఆకులో కాడలున్నాయని మళ్ళీ ఏరేదాన్ని. ఒక సాయంత్రం అది ఆంటీ కంట పడింది. నన్ను బయటికి పిలిచి, గొంతు తగ్గించి చెప్పింది.

“ఎన్కకెళ్ళి నువ్వు దిద్దుకుంట వోతే వాళ్ళెందుకు నేర్చుకుంటరు? లావుగున్న ఉల్లిగడ్డ గూడ ఉడుకుతది.”

ఆ రోజు కత్తిపీట దగ్గర నుంచి లేవడం నాకు రొట్టె కొట్టడం కన్నా కష్టమైంది. కానీ లేచాను. ఆ కూరలో ఉల్లిపాయ నిజంగానే ఉడికింది. ప్రమోషన్ తీసుకున్నాను. ఏడాది తిరిగేసరికి శ్రీను షుగర్ అదుపులోకి వచ్చింది. డాక్టర్ ఏం తింటున్నారని అడిగితే, అతను నా వైపు చూడకుండా తనే మొత్తం చెప్పాడు.

కొన్నేళ్ళ తర్వాత ఆంటీకి గుండె జబ్బు వచ్చి ముదిరింది. పెద్ద కూతురు వచ్చి దగ్గరుండి చూసుకుంది. రాత్రి భోజనం మాత్రం మా ఇంటి నుంచే వెళ్ళేది. ఒకరోజు ఆఫీసు నుంచి వస్తూ నేరుగా ఆమె మంచం దగ్గరికి వెళ్ళాను. పాప అప్పటికే గిన్నెలు తెచ్చి పెట్టింది. ఆంటీ రొట్టె తుంచి పప్పులో అద్దుకుని నెమ్మదిగా తింది. ఎవరు వండారని అడిగింది. పప్పు బాబు, రొట్టె వాళ్ళ నాన్న అని చెప్పాను.

“మరి నువ్వేం జేసినవ్?”

“ఏం జెయ్యలే ఆంటీ. ఇప్పుడే రైలు దిగిన.”

ఆమె కళ్ళు మూసుకుని నవ్వింది. “ఇగ నాకు నీ ఫికర్ లేదు” అంది. పప్పులో ఉప్పు కొంచెం తక్కువైందని, బాబుకు చెప్పమని కూడా అంది. ఆ తర్వాత కొద్ది వారాలకే ఆమె పోయింది.

వంటలు చాలామంది దగ్గర నేర్చుకోవచ్చు. ఒక ఇంటి బరువు ఇంట్లో అందరి మీదా ఎలా సర్దాలో మాత్రం నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పుడు ఆఫీసులో నా కింద పనిచేసేవాళ్ళకు పని అప్పగించినా, వెనక నుంచి వెళ్ళి దిద్దను. ఒకప్పుడు చీకటి పడుతోందంటే రాత్రికి ఏం పెట్టాలా అని దిగులేసేది. ఇప్పుడు ఆకలి వేస్తుంది.