స్విమ్మింగ్ పూల్‌లో మా క్వార్టరు

మొన్న ఆదివారం నేను చేసిన ఘనకార్యం వినండి. హైదరాబాద్‌లో ఇరవై ఎనిమిది అంతస్తుల టవర్‌ని సింగపూర్‌లో నిలబడి మోచేత్తో పడగొట్టాను! నవ్వకండి, ముందు ఆ టీ కప్పు కింద పెట్టండి. ఇందులో ఏడుపు కూడా ఉంది.

మీకు తెలుసుగా, అమ్మ పోయాక నాన్న ఇక్కడ సింగపూర్ బుకిట్ పంజాంగ్‌లో మా దగ్గరే ఉంటున్నారు. మాకేమో పొద్దున్నే ఆఫీసు, పిల్లకి స్కూలు. ఆయన రోజంతా వంటింటి కిటికీ దగ్గర నిలబడి ఎల్ఆర్టీ రైళ్ళు చూస్తుంటారు. "ఆయన్ని కాస్త బయట తిప్పు" అని మా ఆయన ఒకటే పోరు. సరిగ్గా అప్పుడే వాట్సాప్‌లో వచ్చింది, ఏదో హోటల్లో హైదరాబాద్ ప్రాపర్టీ షో అట. ఎంట్రీ ఫ్రీ, బిర్యానీ ఫ్రీ! కొనేది లేదు, పాడూ లేదు. అయినా ఫోన్ చేసిన అమ్మాయికి "ఫోర్ బెడ్‌రూమ్ చూస్తున్నామండీ, లేక్ వ్యూ అయితే బెటర్" అని కోతలు కోసేశాను.

వెళ్ళాం. లోపల ఏసీ చంపేస్తోంది. "తాతా, సో కోల్డ్ లా!" అని మా పిల్ల నాన్న స్వెటర్లో దూరింది. హాలు మధ్యలో పెళ్ళి పందిరంత టేబుల్, దాని మీద మోడల్. బుల్లి టవర్లు, వాటిలో లైట్లు, స్పాంజి చెట్లు, మధ్యలో నీలంగా స్విమ్మింగ్ పూల్. చుట్టూ ఒక తాడు కట్టారంతే. నాన్న బోర్డు మీద అడ్రసు చదివి అక్కడే ఆగిపోయారు.

"ఒసే రమా, ఇది మన ఫ్యాక్టరీయే!"

నిజమే. నేను పుట్టి పెరిగిన చోటు. బోరు మోటార్లు తయారుచేసే సర్కారు ఫ్యాక్టరీ. ఇప్పుడది లేకపోయినా బస్సు కండక్టర్లు ఇంకా "ఫ్యాక్టరీ గేట్, ఫ్యాక్టరీ గేట్" అనే అరుస్తారు. మా ఇల్లు, బడి, ఆస్పత్రి అన్నీ ఫ్యాక్టరీవే. క్వార్టర్లో బల్బు మాడితే వాళ్ళ మనిషే వచ్చి మార్చేవాడు. మోటార్లు ఎవరు కొంటారన్న బెంగ కూడా ఉండేది కాదు, కొనేది కూడా సర్కారే. తర్వాత రోజులు మారాయి. మార్కెట్లు తెరిచారు, ప్రైవేటు మోటార్లు వచ్చాయి, మావి గోడౌన్లో పడుకున్నాయి. మగాళ్ళంతా వీఆర్ఎస్ తీసుకుని ఇళ్ళలో కూర్చున్నారు.

ఎన్నాళ్ళని కూర్చుంటారు? కాలనీ కాలనీయే బజారైపోయింది. ఫౌండ్రీలో చేసినాయన కర్రీ పాయింట్ పెట్టాడు, క్రేన్ ఆపరేటర్ ఆటో కొన్నాడు, అకౌంట్స్ ఆంటీ ట్యూషన్లు మొదలెట్టింది. మా అమ్మ ముందుగది కిటికీకి ఊచలు కోయించి, అక్కడే పెనం పెట్టి పెసరట్లు అమ్మింది. నాన్నకి తల కొట్టేసినట్టయింది. సర్కారు ఉద్యోగి పెళ్ళాం అట్లు అమ్ముకోవడమా! ఆయన పెరటి తలుపులోంచే వచ్చిపోయేవారు. మెల్లగా ఆ పక్కన సాఫ్ట్‌వేర్ ఆఫీసులు లేచాయి, మెడలో ట్యాగులేసుకున్న పిల్లలు మా కిటికీ ముందు బారులు తీరారు. నా ఇంజినీరింగ్ ఆ పెనం మీదే పూర్తయింది. చివరికి క్వార్టర్లు ఖాళీ చేయమన్నారు, నేల వేలంలో పోయింది.

సరే, కథకి వద్దాం. సేల్స్ అమ్మాయి పరిగెత్తుకొచ్చింది.

"వెల్‌కమ్ అంకుల్! ప్రైమ్ లొకేషన్!"

"మెయిన్ గేటు ఏదమ్మా?"

"ఇదే అంకుల్, డబుల్ హైట్ లాబీ."

"అది కాదు, సైరన్ ఉండే గేటు."

ఆ పిల్ల మొహం చూడాలి! "సైరన్ లేదంకుల్... ఇంటర్‌కామ్ ఉంది."

నాన్న తాడు మీద నుంచి వంగారు. తూర్పు ఎటో అడిగారు, రైలు పట్టాలు ఎటో చూసుకున్నారు, వేలితో నడుచుకుంటూ వెళ్ళారు. "ఇది మెషిన్ షాపు... ఇక్కడ క్యాంటీను... ఇదిగో మన క్వార్టర్ల లైను." వేలు వెళ్ళి వెళ్ళి స్విమ్మింగ్ పూల్‌లో ఆగింది.

"ఇక్కడే కదే మీ అమ్మ నిలబడేది."

నేను తలూపాను.

"ఒక్కరోజంటే ఒక్కరోజు కూడా పక్కన నిలబడి చట్నీ వెయ్యలేదే నేను."

ఆ మాట అమ్మ ఉండగా అనొచ్చు కదా అని కోపం ముంచుకొచ్చింది. ఆయన వేలు ఇంకా ఆ నీలం మీదే ఉండటం చూశాక కోపం కాస్తా ఏడుపైపోయింది. బ్యాగులోంచి టిష్యూ ప్యాకెట్ తీసిచ్చాను. ఆయన ఒకటి లాగి కళ్ళు తుడుచుకుని, ప్యాకెట్‌ని ఎక్కడ పెట్టాలో తోచక పూల్ మీదే పెట్టారు.

మా పిల్ల ఊరుకుంటుందా! "తాతా చోప్ చేశారు! తాతా చోప్డ్ ద పూల్!" అని అరిచింది. ఇక్కడ హాకర్ సెంటర్లో బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెడితే ఆ సీటు మనదైపోయినట్టే కదా. సేల్స్ అమ్మాయి కూడా సింగపూర్‌లో బాగానే మెలిగినట్టుంది. "పూల్ వ్యూ బుకింగా అంకుల్? కంగ్రాట్స్!" అని టంగుమని గంట కొట్టేసింది! బుకింగ్ అయిన ప్రతిసారీ కొడతారట. హాలంతా చప్పట్లు. ఎవరో ఒకాయన లడ్డూ తెచ్చి నాన్న నోట్లో కుక్కాడు కూడా.

"అయ్యో, కాదండీ, ఆగండి!" అని నేను గంట వైపు గిర్రున తిరిగాను. మోచెయ్యి తగిలింది. టవర్ సి అటూ ఇటూ ఊగింది, కాసేపు ఆలోచించుకుంది, వెళ్ళి పూల్‌లో పడింది. లోపలి లైట్లన్నీ ఒక్కసారి మినుకుమని ఆరిపోయాయి. చప్పట్లూ ఆగిపోయాయి. భూమి చీలితే బాగుండునని చూశాను, కింద కార్పెట్ ఉంది.

నాన్న లడ్డూ మింగి నెమ్మదిగా అన్నారు, "పర్లేదులేవే. ఆ నేలకి కూలడం అలవాటే."

ఆ అమ్మాయికి అప్పటికి విషయం అర్థమైంది. తిట్టలేదు, పాపం. టవర్‌ని తనే ఎత్తి పక్కన పెడుతూ అంది, "పూల్ ఎవరికీ అమ్మరంకుల్. అది కామన్ ఏరియా. అందరిదీ."

నాన్న నవ్వారు. అమ్మ పోయాక ఆయన నవ్వడం అదే మొదటిసారి. "మాకూ అలాగే చెప్పారమ్మా, ఫ్యాక్టరీ అందరిదీ అని."

ఆ పిల్ల ఏమనుకుందో ఏమో, తాడు విప్పేసింది. "అక్కడ నిలబడండంకుల్, అక్క ఫోటో తీస్తారు" అంది. నాన్న వెళ్ళి పూల్ పక్కన నిలబడ్డారు. స్వెటర్ సర్దుకున్నారు. తన కుడిపక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలారు. అది చూసి నేనింక ఆగలేకపోయాను. కళ్ళజోడు తీసి, వెక్కుతూ, ఏమీ కనిపించకుండానే టకటకా నొక్కేశాను.

ట్రైన్‌లో తీసి చూద్దును కదా, మా పిల్ల ఫోన్‌ని సెల్ఫీలో పెట్టి వదిలేసింది! నాన్నా లేరు, పూలూ లేదు. ముక్కు ఎర్రగా, కాటుక చెంపల దాకా కారిపోయి, నోరు తెరుచుకుని ఏడుస్తున్న నా మొహం. అన్నింట్లోనూ అదే. ఆయన అమ్మ పక్కన నిలబడ్డ ఆ ఒక్క ఫోటో నా చేతుల్లోనే పోయింది.

"సారీ నాన్నా" అని ఫోన్ ఆయనకిచ్చాను. చాలాసేపు చూశారు.

"ఏడ్చేటప్పుడు అచ్చం మీ అమ్మవేనే."

అమ్మ ఏడవగా నేనెప్పుడూ చూడలేదు. ఆయన చూశారన్నమాట. చూసి ఊరుకున్నారన్నమాట.

ఇప్పుడు అదే ఫోటో ఆయన ఫోన్‌లో వాల్‌పేపర్. లిఫ్టులో ఎవరు కనిపించినా చూపిస్తున్నారు. నిన్న పైఅంతస్తు చైనీస్ ఆంటీకి చూపించి "సేమ్ మై వైఫ్" అన్నారు. ఆవిడ కళ్ళు చికిలించి చూసి, "అయ్యో, యువర్ వైఫ్ ఆల్వేస్ సో సాడ్ వన్ ఆ?" అని నావైపు జాలిగా తిరిగింది. అది నేనేనని ఆవిడకి ఏ మొహం పెట్టుకుని చెప్పను?