చదవకుండా దాటేసిన వాక్యం

మొన్న మిర్యాలగూడలో మా అమ్మాయి ఇంటికి దగ్గర్లో ఆన్‌లైన్ పనులు చేసిపెట్టే ఒక దుకాణానికి వెళ్లాను. ఆధార్‌లో ఒక పుట్టిన తేదీ, పాన్ కార్డులో మరో పుట్టిన తేదీ ఉండటంతో, ఈ వయసులో నేనెప్పుడు పుట్టానో రుజువు చేసుకోవలసిన అవసరం పడింది. కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్లకు పాతికేళ్లు కూడా ఉండవు. అంతా నింపి కాగితం చేతికిస్తే, కళ్లజోడు పెట్టుకుని చూశాను, ఈసారి నెల తప్పు పడింది. నేను నోరు తెరిచేలోపే తనూ చూసుకుని, "అయ్యో, తప్పు నాదే తాతా, నేనే తప్పు కొట్టిన. జర కూసోండ్రి, మళ్ల చేస్త" అంది. మంచినీళ్లు తాగినంత సులువుగా అనేసింది. ముప్పై ఏళ్లకు పైగా ఊళ్లవాళ్ల దస్తావేజులు రాసి బతికిన నా నోట ఆ మాట రావలసిన రోజున రాలేదు. ఆ పిల్ల ముందు తలెత్తి కూర్చోలేకపోయాను.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో సూర్యాపేటలో రిజిస్ట్రేషన్ ఆఫీసు బయట రేకుల పందిరి కింద మేము దస్తావేజు లేఖరులం చిన్న చిన్న బల్లలు వేసుకుని వరసగా కూర్చునేవాళ్లం. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని, నేను రాసిన కాగితంలో కొట్టివేత ఒక్కటీ కనపడదని పేరు. కొట్టివేత లేనంత మాత్రాన తప్పు లేనట్టు కాదన్న సంగతి నాకెవరూ చెప్పలేదు, చెప్పినా వినే రకాన్ని కాను, ఆ పేరు చూసుకుని నాకంత పొగరు.

ఒకసారి పెన్‌పహాడ్ వైపు పల్లె నుంచి ఒకామె వచ్చింది. మొగుడు పోయాక కూలికి పోతూ, కొడుకును చదివించుకుంటూ, ఇరవై గుంటల పొలం కొనుక్కుంది. హద్దులు అడిగితే, "పొద్దు పొడిచే దిక్కు కాలువ సారూ, పొద్దు గూకే దిక్కు పటేల్ పొలం" అని చేతులు చాపి మరీ చూపించింది. చిత్తు కాగితంలో సరిగ్గానే రాసుకున్నాను. సాపు రాసేటప్పుడు మాత్రం, పక్కన ఎవరితోనో ముచ్చట్లాడుతూ, తూర్పును పడమర చేసి, పడమరను తూర్పు చేశాను.

రెండేళ్లు ఎవరూ గమనించలేదు. కాలువ నీళ్ల దగ్గర తగాదా వచ్చినప్పుడు పక్క పొలం ఆయన ఆ కాగితం చదివించుకుని, దీని ప్రకారం కాలువ నీకు పడమర ఉండాలి, అంటే నీ భూమి కాలువకు అవతల ఎక్కడో ఉంది, ఈ ముక్క నీది కాదు పొమ్మన్నాడట. నాట్లు వేసుకోవలసిన మడి బీడుగా ఉంచి ఆమె పరుగున నా దగ్గరికి వచ్చింది. "కాలువ పొద్దు పొడిచే దిక్కు అని చెప్పిన గద సారూ" అంది, నిందించినట్టు కాదు, నాకేమైనా యాదికి వస్తుందేమోనని.

నేను పెట్టె తెరిచి చిత్తు తీసి చూశాను. తప్పు నాదేనని ఆ క్షణమే తెలిసింది. కానీ ఎదురుగా ఇద్దరు పెద్ద రైతులు పని మీద వచ్చి కూర్చున్నారు, అటూ ఇటూ తోటి లేఖరులు చెవులు రిక్కించి ఉన్నారు. "నువ్వు చెప్పిందే నేను రాసిన" అన్నాను. ఆమె స్థానంలో ఆ రైతుల్లో ఒకరుంటే ఆ మాట అనేవాణ్ణి కాదు. చిత్తును జేబులో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లి పొయ్యిలో వేశాను.

సవరణ దస్తావేజు రాయాలంటే ఆమెకు పొలం అమ్మినాయన కూడా రావాలి. ఆయన అప్పటికి కోదాడలో బిడ్డ దగ్గర ఉంటున్నాడు, చెవులు సరిగా వినపడవు, మోకాళ్లు పట్టేశాయి. ఆమె కూలి మానుకుని మూడుసార్లు కోదాడ తిరిగి, బతిమాలి, బస్సెక్కించి తీసుకొచ్చింది. పొరపాటు ఎలా జరిగిందో ఆ కాగితంలో ఒక వాక్యం రాయడం మా పద్ధతి. కొన్నావిడ హద్దులు తప్పుగా చెప్పినందున అని రాశాను. వేలిముద్ర వేయించే ముందు మొత్తం చదివి వినిపించడం కూడా పద్ధతే. నా గొంతు కంచులా ఉండేది, ఆ గొంతుతోనే అంతా చదివాను, ఆ ఒక్క వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఊపిరి కూడా తీసుకోకుండా కింది వరుసకు దాటేశాను. ఆమె సిరా అంటిన బొటనవేలు కాగితం మీద ఒత్తింది. భూమి దక్కిందన్న సంతోషంలో నాకు దండం కూడా పెట్టింది.

చాలా ఏళ్లకు ఆ పొలాన్ని కొడుకు పేర రాయించడానికి మళ్లీ వచ్చారు. కొడుకు అప్పటికే బడిపంతులు. అలవాటు కొద్దీ నేను ఆమె వైపు తిరిగి హద్దులు అడిగాను. "అమ్మను అడగకుండ్రి సారూ, ఆమెకు దిక్కులు తెల్వయి. అప్పుడు తప్పు చెప్పి గింత పరేషాన్ చేసింది, కాయితంలనే ఉన్నది" అన్నాడు కొడుకు, నవ్వుతూనే. పొద్దును చూసి వేళ చెప్పే మనిషి ఆమె. తల వంచుకుని, "అవు సారూ, నేనే తప్పు చెప్పిన్నంట. నాకైతే యాది లేదు. కాయితంల ఉన్నదంటే నిజమే అయితది గద" అంది.

అప్పుడైనా చెప్పి ఉండవలసింది. కొడుకు ఎదురుగానే ఉన్నాడు, ఒక్క మాటతో తేలిపోయేది. నేను కలం తీసుకుని కొడుకు చెప్పిన హద్దులు రాసుకున్నాను. ఆమె పోయిందని తర్వాతెప్పుడో బస్టాండులో ఎవరో చెప్తే విన్నాను.

ఇప్పుడంతా కంప్యూటర్ కాగితాలే, వేలు మిషన్ మీద పెట్టి ఫోటో దిగితే పని ఖతం, ఏం రాశారో ఎవరూ ఎవరికీ చదివి వినిపించడం లేదు. నా తోటి లేఖరులు మిగిలినవాళ్లం ఎప్పుడైనా కలిస్తే దాని గురించే ముచ్చట, మన కాలంలో ప్రతి అక్షరం చదివి వినిపించేవాళ్లం కదా, ఆ నమ్మకమే వేరు అని వాళ్లు నిట్టూరుస్తారు. నీ గొంతైతే ఆఫీసు లోపలికి వినపడేదని నన్ను మెచ్చుకుంటారు. నేను చెప్పులు వెతుక్కునే నెపంతో లేచి వచ్చేస్తాను.