గంగులు మావ రీస్టోర్ పాయింట్

గంగులు మావ పొద్దున్నే వచ్చేసరికి షాపుకి కొత్త తాళం వేలాడుతోంది. ఆయన స్టూలు ఫుట్‌పాత్ మీద ఉంది. బొబ్బిలి స్టేషన్ రోడ్డులో ఇద్దరూ కలిసి నడిపిన లాప్‌టాప్ రిపేరు షాపుని, బామ్మర్ది నాగబాబు ఓనరుతో మాట్లాడుకుని తన పేరున రాయించేసుకున్నాడు. నేనైతే అద్దాలు పగలగొట్టేవాణ్ణి. మావ స్టూలు మీద కూర్చుని, తాళం కేసి చూసి, "పర్లేదురా. రాత్రి ఆడూ నానూ కలిసి అన్నాలు తిన్నప్పుడు పాయింటెట్టీసినాను" అన్నాడు.

ఆయన పిచ్చి అదీ. లాప్‌టాప్‌లో ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కించబోయినా ముందు రీస్టోర్ పాయింట్ పెట్టాలంటాడు. అంటే, మెషిన్ బాగున్నప్పుడు పెట్టుకునే గుర్తు. తర్వాత ఏదైనా చెడితే ఆ గుర్తు దగ్గరికి వెనక్కి పోవచ్చు. ఇంతవరకూ మంచి పద్ధతే. మావ దాన్ని మనుషులకి కూడా ఎక్కించాడు.

సెలూన్లో కుర్చీ ఎక్కేముందు తన తలకాయ ఫొటో తీసుకునేవాడు. "తేడా వస్తే ఇక్కడికి తెచ్చీయాలి మరి."

"కత్తిరించింది మళ్ళీ అతికించమంటావేటి?" అనేవాడు అసిరయ్య.

"అతకదు కాబట్టే, సూసి కత్తిరించు!"

ఇంట్లో తవిటమ్మ అత్త గొంతు లేచిందంటే మావ గోడ గడియారం చూసేవాడు. "పదీ పది. పాయింటెట్టీసినాను. ఇప్పుడు తిట్టుకో." ఆవిడ తిట్టేది. తమ్ముడి మీద కోపం కూడా మొగుడి మీదే తీర్చుకునేది. అంతా విని మావ, "అయిందా? పద, పదీ పదికి ఎల్లిపోదాం. అన్నమెట్టు" అనేవాడు.

"పదీ పదికి కూర లేదు. అప్పటికి నువ్వు సంత నుంచి తెచ్చిన వంకాయలింకా సంచీలోనే ఉన్నాయి!"

షాపు పోయాక, ఎదురుగా ఒక మేడమెట్ల కింద బల్ల వేసుకున్నాడు. పుస్తకాలు చదువుకుంటూ నేనూ అక్కడే ఉండేవాణ్ణి. కోపం నాకు జీతం లేని ఉద్యోగం. ఎండ తగ్గగానే మావ స్టూలు చంకన పెట్టుకుని రోడ్డు దాటి నాగబాబు షాపుకే పోయేవాడు.

"ఒరే నాగా, అల్లం టీ తే. నువ్వే నిలబడి మరిగించు. నేకపోతే టీకొట్టోడు సల్లారింది పోసీస్తాడు."

మావ ముఖం చూడలేని నాగబాబుకి బయటికి పోవడమే హాయి. మావ దర్జాగా లోపల కూర్చుని, రిపేరుకొచ్చిన లాప్‌టాపులు కెలుకుతూ ఉండేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

"సిగ్గులేదా మావా?"

"ఉన్నాది. టీ తాగినాక వస్తాది."

మొన్న వేసవిలో యమున అనే అమ్మాయి తన లాప్‌టాప్ మెల్లగా నడుస్తోందని నాగబాబుకిచ్చి వెళ్ళింది. మర్నాడు ఆమె ఎదురుగానే, చెత్త ఊడ్చడం, ఫ్యాను తిప్పడం, బ్యాటరీ కాపాడటం, డ్రైవర్లు మార్చడం అన్నీ అదే చూసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించి, నాగబాబు అందులో కనబడిన బటన్లన్నీ నొక్కేశాడు. తెర నీలంగా మారింది. ఆర్పి వేస్తే మళ్ళీ నీలం.

"ఫార్మాట్ కొట్టీయాల."

"వద్దన్నా! రేపే ఉద్యోగం పరీక్ష. ఆ పరీక్ష నా లాప్‌టాప్‌లోనే రిజిస్టరయింది. తుడిచీసినారంటే ఇంకెందులోనూ తెరవదు!" ఆ అమ్మాయి ఏడుపందుకుంది.

నాగబాబు మొదటిసారి రోడ్డు దాటాడు. లాప్‌టాప్‌ని పసిపిల్లలా పట్టుకుని మా బల్ల ముందు నిలబడ్డాడు. "బావా..."

"ఎక్కించీముందు పాయింటెట్టినావేటి?"

"నేదు."

"ఎట్టవు. నాకు తెలుసు." మావ ఏవో మీటలు నొక్కాడు. తెర మీద ఒక్క తెలుగు వరుస వచ్చింది. పాయింటుకి పెట్టిన పేరు అది.

'బామ్మర్ది సెయ్యి పడకముందు.'

ఏడుస్తున్న యమున కిసుక్కున నవ్వింది. నాగబాబు చెవులు ఎర్రబడ్డాయి. "ఇదెప్పుడెట్టినావు?"

"నిన్న. నువ్వు టీకెల్లినప్పుడు."

"ఇదొక్కటేనా?"

"నీ షాపుకొచ్చినవాటన్నిటికీని. అందుకే అల్లం టీ సెప్పీవోణ్ణి. మరగడానికి టైము పడతాది."

మావ ఆ వరుస మీద నొక్కాడు. కాసేపటికి నీలం పోయి, తెర మీద యమున వాళ్ళమ్మ ఫొటో వచ్చింది. మర్నాడు ఆ లాప్‌టాప్‌లోనే పరీక్ష రాసింది.

ఆ మధ్య విశాఖలో పని దొరికి, రైలెక్కే ముందు మావ దగ్గరికి వెళ్ళాను. మనసులో ఉన్నది అడిగేశాను. "ఆడు నీ పొట్ట కొట్టాడు. అంతా మర్సిపోయావా?"

మావ స్టూలు చంకన పెట్టుకున్నాడు.

"ఒరే, రీస్టోరు కొడితే మెషినొక్కటే ఎనక్కెల్తాది. దాసుకున్న ఫైళ్ళు ఎక్కడివక్కడే ఉంటాయి. ఆడు సేసిందీ ఉన్నాది, నానేటీ సెరపలేదు. ఇద్దరం కలిసి తాగీ టీ ఒక్కటే పాత డేటుకి తెచ్చీసినాను. రైలుకి టైమున్నాది గానీ, పద. ఆడు అల్లం దంచుతన్నాడు."