పొడవు కుదరని తూటాలు

మొన్న ఈసా టౌన్ బజారులో తాళంచెవులు కోసే కొట్టు ముందు నిలబడితే, యంత్రం కింద రాలుతున్న ఇత్తడి పొడి వాసన, వేడెక్కిన నూనె వాసన కలిసి ముక్కుకు తగిలాయి. వెనకవాళ్లు జరగమంటున్నా కదల్లేకపోయాను. బుసైతీన్‌లో మా గదుల పక్కనున్న షెడ్డు వాసన అది, నా ఎనిమిదో ఏటి శీతకాలపు వాసన.

మా బాపు గంగారాం జగిత్యాల దగ్గరి పల్లె నుంచి గల్ఫ్‌కు వచ్చిన లేతు మిషను పనివాడు. ఆయన కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, అబూ జాసిం అనే పెద్దాయన. కూలీకి పెళ్లాంబిడ్డల్ని తెచ్చుకునే వీలు ఎక్కడుంటుంది? ఆయనే తన పూచీ మీద కాగితాలు చేయించి అమ్మనూ నన్నూ రప్పించి, తన ఇంటి వెనక రెండు గదులిచ్చాడు. ఉత్తరపు గాలి తెచ్చే ఉప్పు తేమ, గోడల మీద ఎండే చేపలు, రంజాన్‌లో వాళ్లింటి నుంచి గిన్నె నిండా వచ్చే గోధుమ, మాంసం కలిపి ఉడికించిన హరీసు, బదులుగా అమ్మ పంపే సకినాలు, వాటిని చాయ్‌లో ముంచుకుని కళ్లు మూసుకుని నమిలే పెద్దాయన, కాల్చి పారేసిన తూటాల ఇత్తడి గొట్టాల్ని పెదవికి ఆనించి ఈలలేసే పిల్లలం, ఇవన్నీ కలిసి ఉండేవి.

అబూ జాసింకు గురిపందేల పిచ్చి. అనుమతి కాగితాలన్నీ పెట్టుకుని, కాల్చిన గొట్టాల్లో మళ్లీ మందు పోసి, గుండు బిగించి, పిస్టల్ తూటాలు షెడ్డులోని చేతి ప్రెస్సు మీద తానే చేసుకునేవాడు. వయసు మీదపడ్డాక బాపుకూ నేర్పాడు. పొద్దున ఆయన కొన్ని చేస్తే, డ్యూటీ దిగాక సాయంత్రం బాపు కొన్ని చేసేవాడు. అన్నీ ఒకే డబ్బాలో పడేవి.

ఆ శీతకాలం తూటాల పొడవు కుదరడం మానేసింది. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. పొడుగుది పిస్టల్‌లో ఇరుక్కుంటుంది. పొట్టిది ఇంకా ప్రమాదం: గుండు మరీ లోపలికి దిగితే మందుకు చోటు తగ్గి, పేలినప్పుడు ఒత్తిడి పెరిగి, పట్టుకున్న చెయ్యే పోవచ్చు. ఒకనాడు పందెం మధ్యలో, స్నేహితులందరి ముందు, పెద్దాయన పిస్టల్‌లో తూటా ఇరుక్కుపోయింది. ఇంటికొచ్చి, గంగారాం చేతికి నిలకడ లేదని కొడుకుతో అన్నాడు. ఆ మనిషిని పంపించెయ్యమన్నాడు కొడుకు.

ఆ మాట అమ్మ చెవిన పడి బాపుకు చేరింది. అన్నం ముందు కూర్చుని బాపు మెతుకు ముట్టలేదు.

"ఎల్లగొడితే ఏడికి పోదుమే? పిల్ల సదువేంగావాలె?"

"నీ చెయ్యి తప్పు గాదని నాకెర్కే. మరి తప్పేడున్నదో దొర్కవట్టు" అంది అమ్మ.

"ఒక్కొక్కటే మార్చి సూస్త. రెండు ఒక్కపారి మారిస్తె దొంగ దొర్కడు."

మరునాటి నుంచి వెతుకులాట మొదలైంది. ప్రెస్సు మరలన్నీ బిగించాడు. గుండును దించే అచ్చులో గట్టిపడిన మైనం గీకి తీశాడు. గొట్టాల్ని కంపెనీల వారీగా వేరు చేశాడు. ప్రతి తూటానూ వెర్నియర్ మీద కొలిచి పలక మీద గీతలు పెట్టాడు. తేడా కొంత తగ్గింది గాని పోలేదు. అప్పుడు, పొద్దున చేసినవి ఒక డబ్బాలో, సాయంత్రం చేసినవి ఇంకో డబ్బాలో వేశాడు. పొద్దుటివి పొడుగు, సాయంత్రానివి పొట్టి. పైగా, గుండు దిగే లోతును నిర్ణయించే అచ్చు మరను తాను సరిచేసి గుర్తు పెట్టి వెళ్లినా, అది రోజూ కిందికి తిరిగి ఉంటోంది.

శుక్రవారం పొద్దున పెద్దాయన ప్రెస్సు ముందు కూర్చుంటే బాపు వెళ్లి పక్కన నిలబడ్డాడు. గడప దగ్గర నేనున్నాను. పెద్దాయన పిడి లాగాడు. భుజం వణికింది. పిడి అడుగంటకుండా వేలెడు పైనే ఆగిపోయింది. గుండు పూర్తిగా దిగలేదు. తూటా పొడుగైంది. ఆయన కొలిచి చూసి, అలవాటుగా అచ్చు మర కిందికి తిప్పాడు. అలా తిప్పి వదిలేసిన ప్రెస్సు మీద సాయంత్రం బాపు పిడిని చివరిదాకా లాగితే గుండు మరీ లోపలికి పోతోందన్నమాట.

చెప్తే పెద్దాయన పరువు పోతుంది, చెప్పకపోతే ఎవరిదో చెయ్యి పోతుంది. బాపు వేలితో పిడి కింది ఖాళీని చూపించాడు.

"బాబా, హ్యాండిల్ పూరా నీచే నై ఆరా" అన్నాడు చివరికి. పిడి అడుగుదాకా రావడం లేదని, వాళ్లిద్దరూ మాట్లాడుకునే హిందీలో.

పెద్దాయన మళ్లీ లాగాడు. మళ్లీ అక్కడే ఆగింది. రెండు చేతులూ వేసి లాగినా అంతే. ఒళ్లో పెట్టుకున్న తన కుడిచేతిని, అది వేరెవరిదో అయినట్టు చూసుకుంటూ ఉండిపోయాడు. తర్వాత "ఖలాస్" అన్నాడు, చాలా నెమ్మదిగా.

ఆయన మళ్లీ తూటా చెయ్యలేదు. డబ్బాలోని తూటాలన్నిటినీ ఒక్కొక్కటే జాగ్రత్తగా విప్పే పని బాపుకు అప్పగించాడు. ఆ మధ్యాహ్నమే కొడుకును చెయ్యి పట్టి వెంటబెట్టుకుని మా గది దాకా నడిచొచ్చాడు. అంతకుముందు ఎప్పుడూ అటు రాలేదు. చేతిలో పిండి ఉండగానే అమ్మ లేచి నిలబడింది.

"గంగా, గల్తీ మేరా థా" అన్నాడు, తప్పు తనదేనని, కొడుక్కు వినపడేలా.

బాపు రెండు చేతులూ జోడించాడు.

ఆ ఏడే పెద్దాయన్ని సల్మానియా ఆసుపత్రిలో చేర్చారు, నరాల జబ్బన్నారు. బాపు రోజూ డ్యూటీ అయ్యాక వెళ్లి, ఆయనకు గడ్డం గీసి వచ్చేవాడు. ఇప్పుడు ఇద్దరూ లేరు. ఆ ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు కట్టారు, సముద్రాన్ని పూడ్చి ఇంకా దూరం నెట్టారు. ఇన్నేళ్లుగా ఈ ఊళ్లోనే బతుకుతున్నాను. తప్పు నాదని పనివాడి గడపలో నిలబడి చెప్పిన యజమానిని మాత్రం మళ్లీ చూడలేదు.