ఒక బోల్టు తక్కువ డబ్బా

అంకుల్ పోయారని ఆంటీ ఫోన్ చేసి చెప్పింది. ఆదివారం ఉదయం, ఇక్కడ చాండ్లర్ అనే ఊళ్ళో మా ఇంట్లో దోశల పిండి కలుపుతున్నాను. "పొద్దున్నే కాఫీ తాగారమ్మా. టమాటా మొక్కలకి నీళ్ళు పెట్టొచ్చి గరాజ్‌లో కుర్చీలో కూర్చున్నారు. అక్కడే అలా పోయారు. ఎవర్నీ ఇబ్బంది పెట్టలేదు," అంది. ఏడుస్తూనే "నువ్వు తిన్నావా?" అని అడిగింది. ఆయనకు డెబ్బై నాలుగేళ్ళు. చేయాలనుకున్న పనులు చేసుకుని, రిటైరై, మొక్కలు పెంచుకుంటూ హాయిగా ఉన్న మనిషి. దుఃఖం వచ్చిన మాట నిజమే. కానీ ఆ రోజంతా ఆయన గుర్తొచ్చినప్పుడల్లా ఏడుపు కంటే ముందు నవ్వొచ్చింది. ఎందుకో మీకు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఆయన నాకు చుట్టం కాదు. మిషిగన్‌లో, నోవై అనే ఊరికి దగ్గర్లో ఒక చిన్న ఫ్యాక్టరీకి ప్రొడక్షన్ మేనేజర్. కార్లలో సీటు ముందుకీ వెనక్కీ జరగడానికి కింద ఇనుప పట్టాలుంటాయి కదా, అవి తయారుచేసేవాళ్ళం. మాస్టర్స్ అయ్యాక నా మొదటి ఉద్యోగం అక్కడే. మొదటి రోజు "సర్" అన్నాను. "ఇక్కడ సర్లెవరూ లేరమ్మాయ్. ప్లాంట్‌లో పేరు పెట్టి పిలువు, బయట అంకుల్ అను," అన్నారు. అంత పెద్దాయన్ని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరెలా వస్తుంది? అంచేత ప్లాంట్‌లో ఉన్నంతసేపూ ఏమీ పిలవకుండా, వెళ్ళి ఎదురుగా నిలబడి, ఆయన తలెత్తేదాకా ఆగి మాట్లాడేదాన్ని. ఒక్కసారి తప్ప, నాలుగేళ్ళూ అలాగే గడిచిపోయాయి.

అందరికంటే ముందొచ్చేవారు, కారు మాత్రం పార్కింగ్ లాట్ చిట్టచివర పెట్టేవారు. దగ్గరి చోట్లు ఆలస్యమై పరుగెత్తుకొచ్చే వాళ్ళకట. మంచులో అంత దూరం నడిచొచ్చి, బూట్లు దులుపుకుని, ఆఫీసులోకి కాకుండా నేరుగా మెషీన్ల దగ్గరికి వెళ్ళేవారు. మధ్యాహ్నం బ్రేక్ రూమ్‌లో వర్కర్ల మధ్య కూర్చుని స్టీలు గిన్నెలో పెరుగన్నం, మాగాయ తినేవారు. ఆ మాగాయ వాసనకి మొదట్లో ముక్కు మూసుకున్న వాళ్ళే తర్వాత చిప్స్‌లో నంజుకోవడానికి అడిగేవాళ్ళు.

నేను చేరడానికి రెండేళ్ళ ముందు, ఆర్థిక మాంద్యంలో, ఫ్యాక్టరీలో సగం మందిని పంపించేశారు. ఆ మాట ఒక్కొక్కరి ఎదుటా కూర్చుని ఆయనే చెప్పారట. మళ్ళీ రోజులు బాగుపడి కొత్త అసెంబ్లీ లైన్ పెట్టుకునే అవకాశం వచ్చేసరికి, మనుషుల్ని తీసుకునే విషయంలో ఆయన పెళ్ళి సంబంధం చూసే మేనమామలా తయారయ్యారు. ఎంతకీ ఎవరూ నచ్చరు.

మా హెచ్ఆర్ మేడమ్ ఒక మీటింగ్‌లో "సాఫ్ట్ స్కిల్స్ కూడా చూడాలి" అంటే, ఆయన బయటికొచ్చాక నాతో నవ్వుతూ అన్నారు. "సాఫ్ట్ అంటారేంటమ్మాయ్? పక్కవాడితో గొడవ పడకుండా ఎనిమిది గంటలు నిలబడటం, తప్పు చేస్తే చేశానని చెప్పడం, తెలీకపోతే అడగడం. ఇంతకంటే కష్టమైన పని ఈ ప్లాంట్‌లో ఏముంది? రెంచ్ పట్టుకోవడం వారంలో నేర్పుతా. ఇవి నేర్పాలంటే వాళ్ళమ్మకే ఇరవై ఏళ్ళు పట్టింది."

నాకు ఆ మాటలు చాదస్తంగా అనిపించాయి. నేను చదువుల్లో ఫస్టొచ్చిన దాన్ని, మార్కుల మీద నాకున్న నమ్మకం దేవుడి మీద కూడా లేదు. డ్రాయింగ్ చదవడం, లెక్కలు, స్టాప్‌వాచ్ పెట్టి బోల్టులు బిగించడం, అన్నీ కలిపి నూరు మార్కులకు ఒక టెస్ట్ తయారుచేసి తీసుకెళ్ళాను. ఆయన శ్రద్ధగా చదివి, "చాలా బాగుంది" అని మెచ్చుకుని, సొరుగులో పెట్టేశారు. అది మళ్ళీ బయటికి రాలేదు.

ఆయన పద్ధతి వేరు. వచ్చినవాళ్ళని ముందు ప్లాంటంతా తిప్పుతారు. తర్వాత, ఒకరికొకరు తెలియని ఇద్దర్ని ఒక బెంచీ దగ్గర నిలబెట్టి, ఒక పట్టా, ఒక డ్రాయింగ్, బోల్టులున్న డబ్బా ఇచ్చి, "ఇద్దరూ కలిసి బిగించండి" అని దూరంగా వెళ్ళి నిలబడతారు. వాళ్ళు బిగించాక దగ్గరికొచ్చి థాంక్స్ చెప్తారు, అంతే. బిగించిన పట్టా వైపు చూడను కూడా చూడరు. కాగితం మీద ఏదో రాసుకుంటారు. ఏం రాసుకుంటారో నాకు తెలియదు, నేనూ అడగలేదు.

ఆ మార్చి నెల సంగతి ఇది. నెలాఖరులోగా మనుషులు కుదరకపోతే కొత్త లైన్‌ని వేరే రాష్ట్రంలోని మా ఇంకో ప్లాంట్‌కి ఇచ్చేస్తామని పైనుంచి కబురొచ్చింది. నన్ను తీసుకున్నదే ఆ లైన్ కోసం. ఏప్రిల్‌లో నా హెచ్-1 వర్క్ వీసా ఫైల్ చేయాలి, దానికి అంకుల్ ఒక లెటర్ మీద సంతకం పెట్టాలి. లైన్ పోతే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే నేను దేశం విడిచి వెళ్ళాలి. రోజూ నిద్ర లేవగానే ఈ మూడు ముక్కలూ వరసగా గుర్తొచ్చేవి.

ఒక మంగళవారం ఎనిమిది మందిని పిలిచారు. అన్నీ సరిగా ఉన్నాయో లేదో చూద్దామని నేను ముందుగా బెంచీల దగ్గరికి వెళ్ళాను. నాలుగు డబ్బాల్లోనూ డ్రాయింగ్‌లో చూపిన దానికంటే ఒక్కొక్క బోల్టు తక్కువ ఉంది. పాపం పెద్దాయన, కళ్ళజోడు మార్చాలేమో అనుకున్నాను. స్టోర్‌లోంచి నాలుగు బోల్టులు తెచ్చి, డబ్బాకొకటి వేసేసి, ఎవరికీ చెప్పకుండా నా సీట్లోకి వచ్చి కూర్చున్నాను. పెద్దాయన పరువు కాపాడానని నాలో నేను మురిసిపోయాను కూడా.

మధ్యాహ్నం ఆయన గదిలోకి వెళ్తే తల పట్టుకుని కూర్చున్నారు.

"ఎనిమిది మందిలో ఒక్కళ్ళూ నోరు విప్పలేదమ్మాయ్. నా సర్వీసులో ఇట్లా ఎప్పుడూ జరగలా. అందర్నీ వద్దని చెప్పేద్దాం."

"నోరు ఎందుకు విప్పాలె? పని మంచిగనే చేసిన్రు కదా?" అన్నాను.

"డబ్బాలో ఒక బోల్టు తక్కువ పెడతాను. కొంతమంది ఉన్నవాటితోనే బిగించి, ఏమీ ఎరగనట్టు ఇచ్చేస్తారు. కొంతమంది పక్కవాడు పారేశాడంటారు. ఎవరో ఒకళ్ళు చెయ్యెత్తి, ఇందులో ఒకటి తక్కువుంది, నేను ఆపేశాను అంటారు. నాక్కావలసింది ఆ మనిషి. సీటు కింద బోల్టు లేకపోతే రోడ్డు మీద ఏమవుతుందో నీకు నేను చెప్పక్కర్లా."

ఆయన బల్ల మీద, ఆ ఎనిమిది మంది కాగితాల పక్కనే, నా లెటర్ ఉంది. ఇంకా సంతకం కాలేదు. "అవునా" అని మాత్రం అని బయటికొచ్చేశాను.

మూడింటికి షిఫ్టు మారింది. నేనూ కోటు వేసుకుని కారు దాకా వెళ్ళాను. ఇంజిన్ కూడా స్టార్ట్ చేశాను. చెప్తే, అడగకుండా చెయ్యి పెట్టినందుకు ఈ మనిషి నా కాగితం మీద సంతకం పెడతారా? చెప్పకపోతే ఎవరికీ తెలియదు. కానీ ఆ ఎనిమిది మందీ ఉదయం వచ్చినప్పుడు చూశాను. ఒకాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, టై కూడా కట్టుకుని వచ్చాడు, బోల్టులు బిగించే ఉద్యోగానికి. ఆ టై నన్ను కారులోంచి దింపింది.

లోపలికి వెళ్ళి, అలవాటు ప్రకారం ఆయన ఎదురుగా నిలబడ్డాను. ఆయన తలెత్తేదాకా ఆగలేకపోయాను.

"అంకుల్, బోల్టులు నేనే ఏసిన. తక్కువున్నయని చూసి నాలుగు తెచ్చి నింపిన. వాళ్ళ తప్పేం లేదు."

ప్లాంట్‌లో ఆయన్ని అంకుల్ అని పిలిచింది అదే మొదటిసారి. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"తక్కువున్నాయని చూశావు కదా, ఎవరికి చెప్పావు?"

"ఎవరికీ చెప్పలే."

"అంటే నా టెస్ట్‌లో ఫెయిలైంది నువ్వన్నమాట."

ఏడుపొచ్చేసింది. "ఫెయిలే అంకుల్," అన్నాను.

ఆయన పకపకా నవ్వారు. మెషీన్ల చప్పుడులోనూ వినబడేంత నవ్వు. "క్లాసులో ఫస్టొచ్చే పిల్లలంతా ఇంతే. తప్పు కనబడితే చప్పుడు చెయ్యకుండా దిద్దేసి మార్కుల కోసం చూస్తారు. మా అబ్బాయీ అంతే. సరే, ఇప్పుడు చెప్పావు కదా. లేటుగా పాసైనా పాసే." తర్వాత నవ్వు ఆపి అన్నారు, "నా తప్పూ ఉంది. ఈ డబ్బాల సంగతి నీకు ముందే చెప్పాల్సింది. ఏదో పెద్ద రహస్యంలా దాచుకున్నాను."

అక్కడితో వదల్లేదు. ఫోను నా వైపు జరిపారు. "ఎనిమిది మందికీ నువ్వే చెయ్యి. పొరపాటు మాది, చేసింది నేను, దయచేసి ఇంకోసారి రండి అని చెప్పు. డబ్బా మాట ఎత్తకు." కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నారు. మొదటి ఫోన్‌లో నా పేరే రెండుసార్లు చెప్పాను, నాలుగో దానికి కాస్త కుదురుకున్నాను. ఎనిమిదో ఆవిడ పెద్దగా నవ్వి, "హనీ, తప్పు మాదేనని ఒక కంపెనీ నాకు ఫోన్ చేయడం ఇదే మొదటిసారి. అందుకైనా వస్తాను," అంది. ఫోన్ పెట్టేసరికి అంకుల్ నా లెటర్ మీద సంతకం పెడుతున్నారు.

ఆ ఎనిమిది మందిలో ఆరుగురు కుదిరారు. రెండోసారి ఆయన బోల్టు జోలికి పోకుండా, దాని కింద వేసే వాషర్ ఒకటి తప్పు సైజుది పెట్టారు. ఈసారి నాకు ముందే చెప్పారు. టై కట్టుకున్నాయన నిమిషంలో పట్టుకుని చెయ్యెత్తాడు. లైన్ మా దగ్గరే ఉండిపోయింది, నేనూ ఈ దేశంలో ఉండిపోయాను. ఇప్పుడు ఇక్కడ కంప్యూటర్ చిప్‌లు చేసే చోట టెక్నీషియన్లని తీసుకునే పని నాది. మార్కులూ చూస్తాను, అలవాటు పోదు కదా. కానీ ఎదుటి మనిషి "నాకు తెలీదు, చూపిస్తారా?" అన్నప్పుడు నా పెన్ను దానంతటదే కదులుతుంది. అది నాకు ఆయన పెట్టిన భిక్ష. బతికుండగా ఈ మాట ఆయనతో అనలేదు. అంటే "ఊరుకో అమ్మాయ్" అనేవారు.

ఆంటీ ఫోన్ పెట్టేశాక నాకు మళ్ళీ మళ్ళీ కనబడింది మాత్రం వాళ్ళంతా రెండోసారి వచ్చిన ఉదయం. మంచు పడుతోంది. వర్కర్ల తలుపు బ్యాడ్జ్ లేకపోతే తెరుచుకోదని, ఆయన కోటు లేకుండానే బయటికొచ్చి, తలుపుకి వీపు ఆనించి నిలబడ్డారు. ఒక్కొక్కరికీ చెయ్యి కలిపి, పేరు పెట్టి పలకరించి లోపలికి పంపుతున్నారు. ఏడుగురు వచ్చారు. "ఇక చాలు, లోపలికి రండి, జలుబు చేస్తది," అన్నాను. ఆయన కదల్లేదు. చాలాసేపటికి, ఫోన్‌లో నవ్విన ఆవిడ బస్సు దిగి, మంచులో మెల్లగా నడుచుకుంటూ వచ్చింది. తలుపు దగ్గరికి రాగానే ఆయాసపడుతూ, ఆలస్యమైందని సారీ చెప్పబోయింది.

"మిమ్మల్ని రెండుసార్లు తిప్పింది మేము," అన్నారు అంకుల్. ఆమె చేతి తొడుగు తీసింది. భుజాల మీద మంచు దులుపుకోకుండానే, ఆయన రెండు చేతులూ చాపి ఆ చెయ్యి అందుకున్నారు.