మామూ పెట్టెలో తెల్లగుడ్డ

దయ్యాలు, గాలి సోకడాలు అంటే నాకు నవ్వొస్తుంది. బాపట్లలో హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెప్పే టీచర్ని, ఇలాంటివి నమ్మితే పిల్లలే నవ్వుతారు. అయినా ఇది ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

మా అమ్మ తమ్ముడు ఖాదర్ మామూ రేపల్లెలో టైలరు. తొమ్మిదేళ్ల క్రితం తిండి సయించక చిక్కిపోతుంటే తెనాలి తీసుకెళ్లి ఎండోస్కోపీ చేయించాను. కడుపులో క్యాన్సర్. ఆపరేషన్ చేయకపోతే ఏడాది కూడా కష్టమన్నారు డాక్టరు. ఏడ్చాను, బతిమాలాను, పోట్లాడాను.

"కత్తెర నా చేతిలో ఉంటేనే నాకు ధైర్యం బేటీ" అన్నాడు మామూ. మందులు కూడా ముట్టలేదు.

ఇంటికొస్తూనే తన కఫన్, అంటే శవానికి చుట్టే తెల్లగుడ్డ, తానే కొని ఇనప్పెట్టెలో పెట్టుకున్నాడు. మాలో కొందరు అలా ముందే కొని ఉంచుకుంటారు.

కొన్ని నెలలకు, మంచం దిగలేని మనిషి ఒక పొద్దున లేచి చేపల పులుసు అడిగాడు. కంచం ఖాళీ చేశాడు. మామూ భార్య, మా ముమానీ, సంతోషం పట్టలేక ఏడ్చేసింది. సాయంత్రం పక్కవీధి ఆటో ఆయన వచ్చాడు. తండ్రి పోయాడు, కఫన్ కొనే స్తోమత లేదు. మామూ తన గుడ్డ తీసి ఇచ్చేశాడు. మర్నాడు మిషన్ ముందు కూర్చున్నాడు.

కాకతాళీయం అనుకున్నాను. కానీ మళ్లీ గుడ్డ కొన్నాడు, మళ్లీ మంచాన పడ్డాడు. మళ్లీ ఒక పొద్దున ఆకలి, సాయంత్రం ఎవరో తలుపు తట్టడం, మామూ లేచి తిరగడం. ఇన్నేళ్లూ ఇదే వరస. ఒకసారి నేనూ అక్కడే ఉన్నాను. ఆ సాయంత్రం మామూ గుడ్డ ఒక ముసలమ్మకు వెళ్లింది. పొద్దున మామూ ఆకలన్నప్పుడు ఆమె కుళాయి దగ్గర నిక్షేపంగా నీళ్లు పట్టుకుంటోంది. నేను పలకరించాను కూడా.

ఈమధ్య తెనాలిలో మళ్లీ పరీక్ష చేయించాను. క్యాన్సర్ అక్కడే ఉంది, పెద్దగా పెరగలేదు.

"అరుదుగా ఇలా ఉంటుందండి. ఇప్పటికైనా ఆపరేషన్‌కి ఒప్పించండి" అన్నారు డాక్టరు. పెరగకపోవడం నాకు అర్థమైంది. ఆ ఆకలే అర్థం కాలేదు.

ఈ పొద్దున్నే ముమానీ ఫోన్ చేసింది. మామూ మళ్లీ పడ్డాడు, పచ్చి మంచినీళ్లు కూడా దిగడం లేదు. పోయినసారి ఇచ్చాక గుడ్డ కొననేలేదట, పెట్టె ఖాళీ. సెలవు పెట్టేసి బట్టల కొట్లోకి పరుగెత్తాను.

"ఎవరు పోయారమ్మా?" అన్నాడు కొట్టాయన గుడ్డ చింపుతూ.

"ఎవరూ పోలేదండి. మా మామూకి. త్వరగా ఇవ్వండి బాబాయ్, బస్సు వెళ్లిపోతుంది."

ఆయన చెయ్యి ఆగిపోయింది. బయాలజీ టీచరమ్మను, మిగతాది నేనే చింపి పొట్లం కట్టించుకున్నాను.

బస్సు చెరుకుపల్లి దాటుతుండగా ముమానీ మళ్లీ ఫోన్ చేసింది. మామూ లేచి కూర్చున్నాడట, ఆకలంటున్నాడట. ఆనందంతో ఒళ్లోని పొట్లాన్ని గట్టిగా హత్తుకున్నాను. అది సాయంత్రానికి ఎవరింటికి వెళ్తుందో మాత్రం నాకు తెలియదు.