సెలవు పెట్టమన్న మేడం

మొన్న మంగళవారం బ్యాంకు తెరిచి అరగంట కూడా కాకముందే ఫోన్ మోగింది. మేడం నంబర్. "మేడం, ఈ ఆదివారం తప్పకుండా వస్తాను" అని నేనే ముందు మొదలుపెట్టాను. అవతల ఆమె భర్త గొంతు. "బిడ్డా, మీ మేడం పోయింది. పొద్దుగాల ఆరింటికి."

కౌంటర్ ముందు జనం నిలబడి ఉన్నారు. చేతిలో ఉన్న ఫారం మీద ముద్ర వేసి ఇచ్చాను. తర్వాతిదీ వేశాను. మూడోది వేయలేకపోయాను.

కరీంనగర్‌లో ఆమెను ఎరిగినవాళ్లు చాలామంది. ఎలా ఎరుగుదురో బయటికి చెప్పేవాళ్లు తక్కువ. మందుల దుకాణం పైన రెండు గదుల్లో ఆమె భార్యాభర్తలకు కౌన్సెలింగ్ చేసేవారు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇద్దరూ ఉద్యోగాలు చేసేవాళ్లే. లోపలికి వెళ్లగానే ఫోన్లు తీసుకుని సొరుగులో పెట్టేవారు, తనదీ అందులోనే పడేసేవారు. అల్లం ఘాటు ఎక్కువైన టీ తానే చేసి ఇచ్చేవారు. ఎవరైనా "తప్పెవరిదో మీరే చెప్పండి" అంటే, "నేను జడ్జినా? టీ తాగున్రి" అనేవారు.

ఆరేళ్ల కిందట మేమూ ఆ మెట్లెక్కాం. నేను కరీంనగర్ నుంచి రోజూ బస్సులో జమ్మికుంట బ్యాంకుకు వెళ్లి వచ్చేదాన్ని. మా ఆయన నిర్మల్‌లో లెక్చరర్. అక్కడే గది తీసుకుని ఉండి శనివారం సాయంత్రం ఇంటికి వచ్చేవారు. అంతకు ముందు ఏడు నాకు ఐదో నెలలో కడుపు పోయింది. ఆ రోజు ఆయన పరీక్షల డ్యూటీలో ఉన్నారు. వచ్చేసరికి అంతా అయిపోయింది. నా మంచం పక్కన రెండు రోజులు కూర్చున్నారు. ఒక్క మాట మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున్నే సంచీ తగిలించుకుని కాలేజీకి వెళ్లిపోయారు. ఆ వీపును నేను క్షమించలేకపోయాను. ఏడాది తిరిగేలోపు విడాకుల మాట వచ్చింది.

మేడం ఆ గొడవల సంగతే అడగలేదు. నా వైపు తిరిగి, "నిన్న ఈయన కాలేజీల ఏం చేసిండు బిడ్డా?" అన్నారు.

"పాఠాలు చెప్పి ఉంటారు."

"ఉంటారు కాదు. ఏం చేసిండు?"

నాకు తెలియదు. నా గురించి అదే ప్రశ్న ఆయన్ని అడిగారు. ఆయనకీ తెలియదు.

"ఒకలకొకలు ఎరుకనే లేరు. ఎరుక లేనోళ్లతోని విడాకులెట్ల తీసుకుంటరు? చెరొక దినం సెలవు పెట్టున్రి. ఆమె పని కాడికి నువ్వు, నీ పని కాడికి ఆమె. పోయి ఊకె కూసోన్రి."

సెలవు దొరకదన్నాను. ఆమె మరమగ్గాల కార్మికుడి కూతురు. "మా బాపు, పోగు తెగితే మగ్గం ఆపి అతికెటోడు. ఆపకుంట నడిపితే బట్టంత ఖరాబైతది బిడ్డా" అన్నారు.

ముందు ఆయన మా బ్యాంకుకు వచ్చారు. పత్తి అమ్మకాల కాలం. రైతులతో హాలు కిక్కిరిసి ఉంది. ఆయన సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చున్నారు. బస్సులో తిరిగి వస్తుంటే, "నాలుగింటికి టిఫిన్ మూత తీసినవ్. తినకుంటనే మళ్లీ పెట్టేసినవ్. రోజు గిట్లనేనా?" అన్నారు. అవునన్నాను.

మరుసటి వారం నేను నిర్మల్ వెళ్లాను. ఆయన క్లాసులో ఉండగా అటెండరు స్టాఫ్ రూములోకి టీ తెచ్చింది. నేనెవరో తెలిశాక నా చెయ్యి పట్టుకుంది.

"గా దినం పరీక్షల డ్యూటీ అయినంక సార్‌కు ఫోన్ చేతికిచ్చిన్రమ్మా. చూసుడుతోనే వరండాల కూలవడ్డడు. మేమే బస్సెక్కిచ్చినం. మూడో దినం మళ్లొచ్చిండు గని క్లాసుకు పోలే. లైబ్రరీల గోడ దిక్కు మొఖం పెట్టి పొద్దంత కూసున్నడు. ఎవలు పిలిచినా పలకలే."

ఏడాదిగా నేను అసహ్యించుకున్న ఆ మూడో రోజు అది.

తర్వాతిసారి మేడం దగ్గర అదంతా చెప్పాను. ఆమె కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, ఆయన వైపు చూశారు. "ఈమెకు చెప్పనిది గోడకు చెప్పినవా కొడుకా?" మా ఆయన ఏడవడం నేను మొదటిసారి చూశాను. "నా మొఖం చూస్తే నీకు ఇంకింత బాధ అయితదనుకున్న" అన్నారు.

అన్నీ చక్కబడ్డాయని చెప్పను. బదిలీ దొరకలేదు. పిల్లలు కలగలేదు. కానీ ఇద్దరం ఉన్నాం. ఆయన ఈ రోజు ఏ పాఠం చెప్పారో నాకు తెలుసు.

మూడు వారాల కిందట మేడమే ఫోన్ చేశారు. "ఒకపారి రా బిడ్డా. పనేం లేదు. జర ముచ్చట పెట్టుకుందాం." ఆడిట్ జరుగుతోందని, అయిపోగానే వస్తానని చెప్పాను. "సరే తియ్, పని చూస్కో" అన్నారు. ఒంట్లో బాగాలేదని అనలేదు. వానాకాలం నుంచీ జబ్బుతోనే ఉన్నారట, ఎవరికీ చెప్పనివ్వలేదట. వారంలో ఆడిట్ అయిపోయింది. ఆ తర్వాత రెండు ఆదివారాలు గడిచాయి. ఒకసారి చుట్టాలు, ఒకసారి ఒళ్లునొప్పులు. ఎన్ని సార్లు చెప్పుకున్నా ఇంతకంటే మంచి కారణం నాకు దొరకడం లేదు.

మా ఆయన నిర్మల్ నుంచి నేరుగా వచ్చారు. ఇద్దరం కలిసి వెళ్లేసరికి ఆమె ఇంటి సందు నిండా జనం. ఒక జంట కంట మరో జంట పడకుండా ఆమె గంట తేడాతో పిలిచేవారు. ఇప్పుడు అందరం ఒక్కచోటే ఉన్నాం. మెడలో ఐడీ కార్డు తీయడం మరిచినవాళ్లు, ఖాకీ బట్టల్లోనే వచ్చిన ఒక కండక్టరమ్మ, ఆమె చెయ్యి పట్టుకుని భర్త. మీకు మేడం ఎట్లా తెలుసని ఎవరూ ఎవరినీ అడగలేదు.

పాడె లేచింది. అందరూ గోడల వారకు జరిగారు. ఒక ఆమె ఈ గోడకు, ఒక ఆయన ఆ గోడకు నిలబడి ఒకరినొకరు చూసుకున్నారు. విడిపోయినవాళ్లు కావచ్చు. మేడం వాళ్లిద్దరి మధ్య నుంచే వెళ్లారు. చెరోవైపు నుంచి ఇద్దరూ ఒకేసారి చేతులెత్తి మొక్కారు.